ఊపిరక్క గదిలో మావయ్య దిండు

“ఊపిరి తీసుకోండి... బిగపట్టండి... ఇక వదిలేయండి.” పొద్దున డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దిగేదాకా ఇదే పాట పాడే మనిషికి ఊపిరక్క అని కాక ఇంకేం పేరు వస్తుంది చెప్పండి? ఆ ఆస్పత్రిలో ఎమ్మారై గదికి ఇవతల, అద్దం వెనక కూర్చునేది ఆవిడే. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల ఆఫీసుకి తెలుసేమో గానీ, లిఫ్టు మనిషి నుంచి పెద్ద డాక్టరమ్మ దాకా అందరికీ ఊపిరక్కే. ఇంట్లో మాత్రం ఆ పప్పులేం ఉడకవు. “ఊరంతా నా మాటకి ఊపిరి బిగపడుతుంది, ఈ కొంపలో టీవీ గొంతు తగ్గించే నాథుడు లేడు” అని మొగుడి మీద విసుక్కునేది. ఆయన టీవీ గొంతు తగ్గించకుండానే “అది నిజమేలే” అనేవాడు.

ఆ గదిలో మనిషిని బల్ల మీద పడుకోబెట్టి సొరంగంలోకి తోస్తారు. లోపల రేకుల మీద కర్రతో బాదినట్టు ఒకటే మోత. బయట మీసాలు మెలేసిన మొనగాళ్ళు సైతం ఆ గుమ్మం దాటేసరికి పిల్లికూనలైపోతారు. “భయపడకండి” అనడం ఊపిరక్కకి అస్సలు గిట్టదు. అంటే మాత్రం మానేస్తారా ఎవరైనా? “భయం వేస్తుంది, వెయ్యనివ్వండి. ఇది అరుస్తుంది గానీ కరవదు. చేతిలో ఈ రబ్బరు బుడ్డి పెట్టుకోండి. నొక్కారంటే పరిగెత్తుకొస్తా” అనేది. నిజంగానే పరిగెత్తేది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, అయినా పరిగెత్తేది.

ఆవిడ భయమల్లా ఇనుముతోనే. ఆ సొరంగం మొత్తం పెద్ద అయస్కాంతం మరి. కొత్తలో ఒకసారి తుడిచేవాడు ఇనప పిడి బకెట్టుతో గుమ్మం దగ్గరికి రాగానే, బకెట్టు వాడి చేతిలోంచి ఊడి ఎగిరి వెళ్ళి అయస్కాంతానికి కరుచుకుంది. ఆనాటి నుంచి ఊపిరక్క కళ్ళు కళ్ళు కావు. జడపిన్ను, తాళంచెవి, జాకెట్టు హుక్కు, చొక్కా జేబులో మరిచిపోయిన గుండుసూది, ఏదీ తప్పించుకునేది కాదు. బయటి గదిలో ఒక చిన్న అయస్కాంతం ముక్క పెట్టుకుని, లోపలికి పోయే ప్రతి గుడ్డ మీదా దాన్ని తిప్పి చూసేది. అంత జాగ్రత్త మనిషి ఏ దారిన దెబ్బ తిన్నదో చెప్పడానికే ఇదంతా చెబుతున్నాను.

ఆవిడని పెంచింది మేనమామ. పసితనంలోనే తల్లి పోతే, “నా అక్క బిడ్డ ఎవరి పంచనో ఎందుకుండాలి” అని ఎత్తుకొచ్చేశాడు. ఆయన దర్జీ. మెట్ల కింద ఇరుకు కొట్టు. ఒక మిషను, ఒక పెద్ద కత్తిరింపు బల్ల, గోడకి వేలాడే చొక్కాలు. ఆ బల్ల కింద గుడ్డపీలికల కుప్ప మీదే ఈవిడ నిద్రపోయింది, చదువుకుంది, అత్తయ్య కొడుతుందని దాక్కుంది. అత్తయ్య కొట్టేదేం కాదు, నోరే పెద్దది. పిల్లని తిట్టినంతసేపు తిట్టి, ఆ నోటితోనే ముద్దలు కలిపి పెట్టేది.

కొలతలు తీసేటప్పుడు మావయ్య మాట ఒకటుండేది. వచ్చినవాళ్ళు టేపు చూడగానే పొట్ట లోపలికి లాక్కుని, రొమ్ము విరుచుకుని నిలబడతారు కదా. “ఊపిరి వదిలేయండి బాబూ. చొక్కా మీకు కుట్టాలా, మీ గొప్పకి కుట్టాలా?” అనేవాడు. పిల్ల పెరిగి పెద్దదై ఎమ్మారైలో కుదిరాక ఆయనకి అదొక వేళాకోళం అయిపోయింది. “నేనేమో జన్మంతా జనాన్ని ఊపిరి వదలమన్నాను. ఇది బిగపట్టమంటోంది. ఎవరి పెంపకమే ఇది?” అని అత్తయ్యని అడిగేవాడు.

అలాంటి మావయ్యకి చెవి కింద, దవడ మూల గడ్డ లేచింది. కోశారు. రేడియేషన్ కరెంటు పెట్టారు. ఏడాది తిరక్కుండా అదే చోట మళ్ళీ లేచింది. ఒకసారి కరెంటు పెట్టిన చోట మళ్ళీ పెడితే దవడ ఎముకే పోతుందన్నారు. కత్తి పెడితే మొహంలో నరం తెగుతుందన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊపిరక్క ఆ రిపోర్టు చూసిన రోజు భోజనాల గదిలో డబ్బా మూత తియ్యకుండా కూర్చుని, ఎవరు పలకరించినా “ఆకలి లేదు” అంది.

అప్పుడు పిలిచింది డాక్టరమ్మ. ఆస్పత్రిలో ఒక కొత్త ప్రయత్నం మొదలవుతోంది. బోరాన్ కలిపిన మందు ఒకటి ఉంది. దాన్ని నరంలోకి ఎక్కిస్తే, తిండికి ఆవురావురుమంటున్న కణితి కణాలు దాన్ని ఎక్కువగా మింగుతాయి. తర్వాత ఇంకో కేంద్రానికి తీసుకెళ్ళి ఆ చోట న్యూట్రాన్లు ప్రసరింపజేస్తారు. న్యూట్రాన్ తగలగానే బోరాన్ పగిలి, తాను ఉన్న కణాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. పక్క కణం జోలికి పెద్దగా పోదు. కాకపోతే కణితిలోకి బోరాన్ వెళ్ళకపోతే మాత్రం ఆ కిరణాల వల్ల వచ్చేది కీడే. ఒకసారి దెబ్బతిన్న దవడకి మళ్ళీ దెబ్బ. కాబట్టి మందు ఎక్కడికి చేరిందో ముందుగా చూడాలి. ఆ చూడటం ఊపిరక్క మిషనుతో చేద్దామని వీళ్ళ ప్రయత్నం.

దీనంతటికీ కారకుడు ఒక ఫిజిక్సాయన. నలభై దాటినా పెళ్ళి మాటెత్తితే బోరాన్ గురించి చెప్పేవాడు. అందుకే బోరాన్ బాబు అని పేరు. మామూలు ఎమ్మారై వినేది ఒంట్లో నీటి గొంతు. నీరు ఎటు చూసినా ఉంటుంది గనుక బొమ్మ తేటగా వస్తుంది. బోరాన్‌ది పీలగొంతు, పలికినంతలోనే ఆగిపోతుంది. దాన్ని అందుకోవడానికి ఆయన తన చేత్తో రాగితీగతో ఒక కాయిల్ చుట్టాడు. దాన్ని దవడకి ఆనించి పెట్టాలి, మనిషి చాలాసేపు కదలకుండా పడుకోవాలి. ఇంతా చేస్తే వచ్చే బొమ్మ బొటనవేలి వెడల్పు గళ్ళతో అలికినట్టుంటుంది. దాన్ని నీటి బొమ్మ మీద పరిచి, వెలుగు ఏ మూల పడిందో చూసుకోవాలి.

బోరాన్ బాబు ఇదంతా మావయ్యకి ఎంతో ఓపిగ్గా చెప్పాడు. ఆయన విని, మెడలో టేపు సర్దుకున్నాడు. ఆస్పత్రికి కూడా ఆ టేపు మెడలో వేసుకునే వచ్చేవాడు లెండి, అలవాటు.

“అంటే బాబూ, ముందు సుద్దతో గీత గీస్తారు. తర్వాత కత్తెర వేస్తారు. గీత పడని చోట కత్తెర పడకూడదు. అంతేనా?”

బోరాన్ బాబు కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. “అంతేనండీ! నేను ఇన్నేళ్ళుగా ఇంత చిన్నగా ఎవరికీ చెప్పలేకపోయాను!”

“మీకు గుడ్డ పాడైతే తిట్టేవాళ్ళు లేరు కదా బాబూ, అందుకని” అన్నాడు మావయ్య.

సొంతవాళ్ళకి స్కాన్ చెయ్యడం ఊపిరక్కకి ఇష్టం లేదు. చెయ్యి వణికితే? కానీ మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా? “అది చెబితేనే పడుకుంటా, లేకపోతే ఇంటికి పోతా” అని కూర్చున్నాడు ఆయన. పైగా, “అందరికీ చెప్పినట్టే నాకూ ఊపిరి బిగపట్టమని చెప్పాలి” అని పేచీ.

“దవడకి ఊపిరితో పని లేదు మావయ్యా. గుటక మింగకుండా ఉంటే చాలు.”

“అయినా చెప్పు. లేకపోతే నన్ను సరిగ్గా చూడలేదనుకుంటా.”

సరేనని చివర్లో క్షణాల్లో తీసే బొమ్మలకి ఒక్కసారి చెప్పింది. ఆయన లోపల తృప్తిగా బుగ్గలు పూరించాడు.

మందు ఎక్కించకముందు తీసిన మొదటి స్కాన్ అది. బోరాన్ లేదు గనుక బొమ్మ చీకటిగా రావాలి, చీకటిగానే వచ్చింది. బయటికొచ్చాక మాత్రం ఆయన సణుగుడు వినాలి. తల కదలకుండా పక్కన కుక్కే స్పాంజి ముక్క గడ్డకి గుచ్చుకుందట. “అది స్పాంజా, ఇటుకా? దాని అంచు ఎవడు కోశాడే? వాడికి కత్తెర పట్టుకోవడం వచ్చా?”

వారం తిరిగేసరికి రెండో స్కాన్‌కి ఆయన ఒక దిండు కుట్టుకొచ్చాడు. అరచేయంత దిండు. దవడ వంపుకి సరిగ్గా ఒదిగేలా చంద్రవంక కోత, మెత్తటి పాత నూలు గుడ్డ, లోపల దూది, కంటికి కనపడని కుట్టు. ఆయన తర్వాత వచ్చేవాళ్ళకి కూడా పనికొస్తుందని ఇంకో రెండు కుట్టి సంచిలో పెట్టుకొచ్చాడు. ఊపిరక్క దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. కళ్ళు చెమర్చాయి గానీ బయటపడనివ్వలేదు. అయస్కాంతం ముక్క తీసి దిండు నాలుగు మూలలా, కుట్టు వెంబడి, నడిమధ్య, ఒకటికి రెండుసార్లు తిప్పింది. సూది లేదు, పిన్ను లేదు.

“నన్నే అనుమానిస్తావుటే? జన్మలో కుట్టులో సూది మరిచినవాణ్ణి కాదు నేను.”

“ఎవరైనా ఒకటే మావయ్యా, లోపలికెళ్ళాలంటే” అంది ఊపిరక్క.

మందు ఎక్కించారు. దిండు దవడకి ఆనించారు, దాని పక్కన కాయిల్. ఆయన హాయిగా కళ్ళు మూసుకున్నాడు. గడ్డ వల్ల ఆయన నోటి మూల సరిగ్గా మూతపడేది కాదు, పడుకుంటే చొంగ కారేది. స్కాన్ అయ్యాక ఊపిరక్క చీర కొంగుతో గడ్డం తుడిచి, “చిన్నపిల్లాడు నయం నీకంటే” అంది. అప్పటికి అద్దానికి ఇవతల బోరాన్ బాబు ఉన్నచోటనే ఎగురుతున్నాడు. కంప్యూటరు మీద, సరిగ్గా దవడ మూల, మిగతా మొహమంతా చీకటిలో ఉండగా ఒక్కచోట వెలుగు! కణితి వంపు తిరిగినంత మేరా మెరుస్తోంది. డాక్టరమ్మ వచ్చి చూసి, ఊపిరక్క భుజం పట్టుకుని నొక్కింది. ఎప్పుడూ నవ్వని మనిషి నవ్వింది. ఇంత బాగా పట్టిందంటే ఇక ఆగక్కర్లేదు, న్యూట్రాన్ కేంద్రంలో వచ్చే వారానికే రోజు అడుగుతానంది.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు పెద్దలు. విన్నదెవరు? ఊపిరక్క ఆ సాయంత్రం మొగుడి టీవీ గొంతు తానే పెంచింది. అత్తయ్య వీధి వీధంతా చెప్పింది. మావయ్య గడ్డ లేచాక మూలన పడేసిన కోటు ఒకటి తీసి, మళ్ళీ కాలరు పని మొదలుపెట్టాడు.

మర్నాడు గది సర్దుతుంటే ఊపిరక్క చేతికి ఆ దిండు తగిలింది. చొంగతో తడిసి ఆరిన వైపు గుడ్డ గట్టిపడి, కుట్టు వెంట తెల్లగా చారలు కట్టింది. గంజి పెట్టాడేమో అనుకుంది. ఉతికి తెద్దామని సాయంత్రం కొట్టుకి పట్టుకెళ్ళింది.

“గంజా? నా మొహం. అది బోరిక్ పౌడరే” అన్నాడు మావయ్య మిషను తొక్కుతూ. “దూదికి పురుగు పట్టకుండా రెండు గుప్పెళ్ళు కలిపా. కొట్టులో బొద్దింకలకి వేస్తానే, అదే. ఆ దిండ్లు నీ గదిలో ఏళ్ళ తరబడి ఉండేవి కదా, రేపు పురుగు పడితే మాట వచ్చేది నీకు కాదూ?”

ఊపిరక్క దిండు తిప్పి ఆ తెల్ల చారల వంక చూసింది. బోరిక్ పౌడరులో ఉండేది బోరానే. కాయిల్ పక్కన, కణితిని ఆనుకుని, చంద్రవంక కోతతో, బోరాన్ నింపిన దిండు. ఇనుము కోసం దాన్ని అణువణువూ గాలించింది తనే. ఆ గదిలోకి ఇనుము తప్ప ఇంకేదైనా దొంగ రాగలదని ఆవిడకే కాదు, ఎవరికీ తోచలేదు.

“ఏమే అలా అయిపోయావు? నీళ్ళు తాగు” అన్నాడు మావయ్య.

“ఏం లేదు, ఎండ” అంది. బయట మబ్బు పట్టి ఉంది.

ఇక ఆవిడ మనసులో ఏం జరిగిందో వినండి. చెబితే ఆ మెరుపు అబద్ధమైపోతుంది. చికిత్స ఆగిపోతుంది. ఆ ముసలాయన మళ్ళీ కోటు మూలన పడేస్తాడు. చెప్పకపోతే? ఏమో, కణితిలోనూ నిజంగా బోరాన్ ఉందేమో, దిండు తోడై కాస్త ఎక్కువ మెరిసిందేమో. ఆశ ఎంత మాయదారిది! కానీ లేకపోతే, ఉత్త దవడ మీద కిరణాలు పడతాయి. గీత లేని గుడ్డ మీద కత్తెర. ఇంటికి పోకుండా తిన్నగా ఆస్పత్రికి నడిచి, డాక్టరమ్మ గదిలో దిండు బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

డాక్టరమ్మ వెంటనే బోరాన్ బాబుని పిలిపించింది. విన్నాక ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. చివరికి ఆయనే, “అనుకోవడం ఎందుకు, దిండుని పడుకోబెట్టి చూద్దాం” అన్నాడు.

పడుకోబెట్టారు. అంత పెద్ద బల్ల మీద, తల ఉండాల్సిన చోట, అరచేయంత దిండు ఒంటరిగా. దానికి కాయిల్ తగిలించి లోపలికి తోశారు. అలవాటు కొద్దీ ఊపిరక్క చెయ్యి మైకు మీదికి వెళ్ళి ఆగింది. బొమ్మ వచ్చింది. చీకటి! ఎక్కడా వెలుగన్నదే లేదు.

“హమ్మయ్య!” అని డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. “దిండు కాదు. మొన్న మెరిసింది కణితే. అనవసరంగా బెంబేలెత్తించావు నన్ను.”

బోరాన్ బాబు కూడా తల ఊపాడు. “పొడి కదా. గట్టి పదార్థంలో బోరాన్ గొంతు మరీ పీలగా అయిపోతుంది, మా కాయిల్‌కి అందదు. నీళ్ళలో కరిగితేనే తేటగా పలుకుతుంది.”

అందరికీ కడుపు నిండిపోయింది. ఊపిరక్క నోరు మూసుకుంటే అక్కడితో సరిపోయేది. ఎవరూ అడగలేదు. అడగడానికి వాళ్ళకి తెలిసే వీలు లేదు. కొంగుతో ఆయన గడ్డం తుడిచింది తనొక్కతే.

“ఆ రోజు తడిసింది డాక్టరమ్మా” అంది. “మావయ్యకి చొంగ కారుతుంది. గడ్డ ఉన్న వైపే. దిండు ఆ పక్క తడిసి ముద్దయింది.”

బోరాన్ బాబు లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఒక పక్కన చిలకరించి, దిండుని మళ్ళీ లోపలికి పంపాడు. ఈసారి చంద్రవంక అంచు వెంట వెలుగు, మొన్నటిది మొన్నటిలాగే.

ఊపిరక్క బావురుమంది. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఏడ్చినవాళ్ళందరినీ ఓదార్చింది ఆవిడ. ఆవిడని ఓదార్చడం ఎవరికీ చేతకాలేదు. డాక్టరమ్మ తన చేతిరుమాలు ఇచ్చి, పక్కన నిలబడింది. “అందరం చూశాం ఆ దిండుని. నేనూ చూశాను, బాగుంది అన్నాను కూడా. పద, ఈ మాట ఆయనకి కలిసే చెబుదాం” అంది.

మావయ్య కొట్టులో కాలరు తిరగేస్తున్నాడు. అంతా విన్నాడు. సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టాడు. అత్తయ్య నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు. ఆవిడ ఆగడం ఊపిరక్క పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

“అయితే గీత గుడ్డ మీద పడలేదన్నమాట. బల్ల మీద పడింది” అన్నాడు.

“నాదే తప్పు మావయ్యా. ఇనుమే చూశాను గానీ...”

“నోర్ముయ్. పౌడరు కలిపింది నేను, తప్పు నీదా? అడిగి కలపాల్సింది. గుడ్డ ఎవరిదో వాళ్ళనడక్కుండా జేబు కూడా వెయ్యను నేను, ఇది ఎలా వేశానో.” డాక్టరమ్మ వైపు తిరిగాడు. “అమ్మా, గుడ్డ ఇంకా కత్తిరించలేదు కదా? గీత చెరిపి మళ్ళీ గీయొచ్చు కదా?”

“గీయొచ్చు” అంది డాక్టరమ్మ.

మళ్ళీ మందు ఎక్కించారు. ఈసారి దిండు లేదు, ఇటుక లాంటి స్పాంజే. గుచ్చుకుంటున్నా ఆయన కిక్కురుమనలేదు. బొమ్మలో బోరాన్ కనబడింది. కానీ గడ్డలో ఎంత ఉందో, పక్కన మంచి కండలోనూ ఇంచుమించు అంతే ఉంది. “చాలదు” అంది డాక్టరమ్మ. అడిగిన రోజు వదులుకున్నారు. దిండు మాట బయటపడకపోయుంటే ఆ రోజే, ఆ దవడ మీదే, కిరణాలు పడి ఉండేవని తలుచుకుంటే ఊపిరక్కకి ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

బోరాన్ బాబు తిండీ నిద్రా మానేశాడు. గబగబా ఎక్కిస్తే మందు వచ్చినదారినే పోతోంది, సన్నధారగా చాలాసేపు ఎక్కిస్తే కణితికి మింగే వ్యవధి దొరుకుతుంది, మంచి కండలోంచి ఈలోగా జారిపోతుంది అని ఆయన ఊహ. ఎప్పటికి ఎక్కడ ఎంత ఉందో తెలియాలంటే, ధార నడుస్తుండగానే మళ్ళీ మళ్ళీ బొమ్మలు తియ్యాలి. అంటే ముసలాయన ఆ ఇటుక పక్కన అంతసేపూ రాయిలా పడుకోవాలి.

“ఉండగలవా మావయ్యా?”

“నువ్వు మాట్లాడుతూ ఉంటే ఉంటాను. ఊరికే ఊపిరి ఊపిరి అనకు, ఏదైనా పనికొచ్చే మాట చెప్పు.”

ఊపిరక్క మైకు దగ్గరికి లాక్కుంది. “సరే అయితే. కోటు కుడదాం. గుడ్డ పరిచావా? వీపు ముక్క గీయి. చంక దగ్గర కాస్త వదులు ఉంచు.” మిషను మోత పెట్టింది. మోత ఆగగానే, “ఇప్పుడు ముందు ముక్కలు. జేబు ఎక్కడ పెడతావు? చెప్పకు, నోరు కదపకు, మనసులో పెట్టుకో.” అలా ముక్క ముక్కా కోయించి, కచ్చా కుట్లు వేయించి, చేతులు ఎక్కించి, కాలరు దగ్గరికి వచ్చింది. బల్ల కింద పీలికల మీద కూర్చుని చిన్నప్పుడు విన్నదంతా ఒక్కటి మరవలేదు. మొదట్లో వచ్చిన బొమ్మల్లో దవడంతా ఒకటే బూడిదరంగు. పోనుపోనూ చుట్టుపక్కల కండ చీకటి పడుతూ వచ్చింది. గడ్డ మాత్రం చీకటి పడలేదు.

“చివరి బొమ్మ మావయ్యా. కాజాలు కుట్టేశాం. ఊపిరి తీసుకో... బిగపట్టు.”

బొమ్మ తెర మీదికి వచ్చింది. దిండు మెరిసినంత అందంగా లేదు, ఆ ధగధగ లేదు. చిన్నగా, మసగ్గా, రెండు మూడు గళ్ళ వెలుగు. కానీ ఉన్నచోట ఉంది. నీటి బొమ్మ మీద పరిస్తే గడ్డ గీత లోపలే ఉంది, గీత దాటితే లేదు. బోరాన్ బాబు లెక్క చూసి, మళ్ళీ చూసి, తల ఊపాడు. డాక్టరమ్మ “చాలు, ఇది చాలు” అంది. ఊపిరక్క కళ్ళకి తెర కనబడటం మానేసింది, అంతా నీళ్ళే.

లోపల రబ్బరు బుడ్డి కుయ్యిమంది. ఊపిరక్క ఉలిక్కిపడి మైకు అందుకుంది. పీకనొక్కుకుపోతున్న గొంతు వినిపించింది. “ఏమే, వదలమంటావా? వద్దా? చస్తానే!”

“అయ్యో, నా మతి మండ! వదిలెయ్యి మావయ్యా, వదిలెయ్యి!” అని నవ్వుతూ ఏడుస్తూ, మోకాళ్ళు పట్టించుకోకుండా లోపలికి పరిగెత్తింది.

కొత్తగా రోజు తీసుకుని, సన్నధారగా మందెక్కించి, న్యూట్రాన్ కేంద్రంలో కిరణాలు పెట్టారు. తర్వాత కొన్నాళ్ళు ఆయనకి నోరంతా పుండై, మాట కూడా లేక, అత్తయ్యకి తిట్టడానికి సరిజోడు లేకుండా పోయింది. ఆ తర్వాత గడ్డ మెత్తబడింది, తగ్గింది. పూర్తిగా పోయిందా అని అడక్కండి. డాక్టరమ్మ ఆ మాట ఇంతవరకు అనలేదు. మూడేసి నెలలకి రమ్మంటోంది, ఆయన వస్తున్నాడు. నోటి మూల మూతపడుతోంది. కోటు పూర్తయింది.

మొన్న వచ్చినప్పుడు సంచి తెచ్చాడు. స్పాంజిలన్నీ పారెయ్యాల్సిందేనని, వెనక వచ్చేవాళ్ళ దవడలు ఏం పాపం చేశాయని, కొత్త దిండ్లు కుట్టుకొచ్చాడు. అదే చంద్రవంక కోత, అదే నూలు గుడ్డ. ఊపిరక్క అలవాటు చొప్పున అయస్కాంతం ముక్క తీసింది. తీసి చూస్తే ప్రతి దిండుకీ ఒక పక్క కుట్టు లేదు, నోరు తెరుచుకుని ఉంది.

“ఇదేమిటి మావయ్యా, సగంలో వదిలేశావు?”

“దూది చూసుకో. చెయ్యి పెట్టి చూసుకో. కావాలంటే ఆ బాబు మిషనులో తడిపి చూసుకోండి. నువ్వు సరేనన్నాకే మూస్తా” అన్నాడు. జన్మలో ఎవరికీ తన కుట్టు విప్పి చూపించినవాడు కాదు ఆయన.

ఊపిరక్క చెయ్యి పెట్టింది. ఉత్త దూది, మెత్తగా, వెచ్చగా. బోరాన్ బాబుతో తడిపించి చూపించిన తర్వాతే సరేనంది, చీకటి బొమ్మ వచ్చాకే. తన ఉద్యోగం తనది కదా. అప్పుడు బయటి గదిలో, తలుపుకి దూరంగా, ఆయన సూదిలో దారం ఎక్కించాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఆ చేతినే చూస్తోంది, దారం లాగినప్పుడల్లా తెలియకుండానే తాను ఊపిరి బిగపట్టుకుంటూ.

మావయ్య తలెత్తకుండానే కుట్టు ముడివేశాడు.

“అయిపోయిందే అమ్మడూ, ఇంక ఊపిరి వదులు” అన్నాడు.